అయిదు మార్కుల ఇల్లు

2017 ఆగస్టులో కొలంబో నుంచి బయలుదేరి, దంబుళ్ల దగ్గర ఏ9 రహదారి ఎక్కి ఉత్తరానికి వెళ్లాం. కిళినొచ్చి, ముల్లైత్తీవు జిల్లాల్లో ఒక విదేశీ సహాయ సంస్థ డబ్బుతో లేచిన ఇళ్లను చూసి నివేదిక ఇవ్వాలి. ముగ్గురిలో నాకు చోటు దొరకడానికి కారణం మద్రాసులో చదివే రోజుల్లో అబ్బిన తమిళం.

ఆ తమిళం సంగతి మురికండి పిళ్లైయార్ గుడి దగ్గరే తేలిపోయింది. ఆ దారిన పోయే బండ్లు అక్కడ ఆగి, వినాయకుడికి దణ్ణం పెట్టుకుని కదులుతాయి. పక్కనే వరసగా అంగళ్లు, "కచ్చాన్, కచ్చాన్" అని కేకలు. ఏ తినుబండారమో అనుకుని చూస్తే వేయించిన వేరుశనక్కాయలు! మద్రాసులో వేర్కడలై అంటారే అన్నాను. అమ్మే ఆవిడ నవ్వి పొట్లంలో ఇంకో గుప్పెడు పోసింది.

శ్రీలంక సైన్యానికీ తమిళ పులులకూ మధ్య యుద్ధం ముగిసింది 2009 మే నెలలో. ఎనిమిదేళ్లయినా కిళినొచ్చిలో కూలిన నీళ్ల ట్యాంకు పడినది పడినట్టే ఉంది, దాన్ని స్మారకంగా ఉంచారు. రోడ్డు దిగి లోపలికి పోతే మొవ్వు తెగి మోడుగా నిలిచిన తాటిచెట్లు, వాటి మధ్య కొత్త ఇళ్లు. బావికో బోర్డు, మరుగుదొడ్డికో బోర్డు, బడి గోడకో బోర్డు. ఒకే దొడ్లో నాలుగు దేశాల జెండాలు లెక్కపెట్టాను.

మన దేశం కూడా ఇక్కడ పెద్ద దాతే. భారత ప్రభుత్వం తలపెట్టిన 50,000 ఇళ్లలో ఎక్కువ భాగం ఉత్తర, తూర్పు రాష్ట్రాలవే. చాలావాటికి ఇంటికి 5,50,000 శ్రీలంక రూపాయల చొప్పున దశలవారీగా ఇచ్చారు, ఇల్లు ఎవరిది వారే కట్టుకున్నారు. మేం చూడబోయిన సంస్థదీ ఇదే పద్ధతి. కాంట్రాక్టరు కట్టి తాళం చేతికిచ్చే ఇంటికన్నా ఇదే మేలని నేను ఇప్పటికీ అంటాను. అయితే ఊరంతా ఒకేసారి కట్టడం మొదలుపెడితే ఇసుక ధర, మేస్త్రీ కూలి ఎక్కడ ఆగుతాయి? ఈ దశ పూర్తయితేగాని తర్వాతి విడత రాదు. ఇంట్లో మగదిక్కు లేకపోతే మట్టి తవ్వడానికీ కూలి ఇచ్చుకోవాలి.

ముల్లైత్తీవు వైపు ఒక ఊళ్లో, భర్త ఆచూకీ తెలియని ఒకావిడ ప్లేన్‌టీ ఇచ్చి కూర్చోబెట్టింది. లేత పచ్చ గోడలు, తళతళలాడే గచ్చు. చాలా బాగుంది అక్కా అన్నాను.

"వీట్టైక్ కట్టిప్పార్, కల్యాణం పణ్ణిప్పార్ అంటారు తంగచ్చీ" అందావిడ.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు. అనువాదం అక్కర్లేని మాట. ఆ తర్వాత లెక్క తానే చెప్పింది. పునాదికి గాజులు కుదువకు వెళ్లాయి. పైకప్పుకు ఒక కంపెనీ అప్పు. ఆ ఏడాది కరువుకు పొలం పనులు లేవు, అందుకని ఆ వాయిదా కట్టడానికి ఇంకో కంపెనీ అప్పు. వారం వారం కట్టాలి. మాట్లాడుతూనే బయట మోటారు సైకిల్ చప్పుడైతే, వాయిదా వసూలుకు వచ్చారేమోనని గేటు వైపు చూసింది.

ఆ చూపు నాకు తెలుసు. 2010లో మా జిల్లా పొదుపు సంఘాలతో పనిచేస్తున్నప్పుడు రోజూ చూసినదే. ఆ అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇలా చిన్న అప్పులిచ్చే సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది, అయితే అప్పటికే ఆ అప్పులు తీర్చలేక కొందరు ఆడవాళ్లు ప్రాణాలు తీసుకున్నారు.

నా చేతిలో ఫారం ఉంది. ఇల్లు పూర్తయిందా, తలుపులు ఉన్నాయా, మరుగుదొడ్డి వాడుతున్నారా. అప్పు అనే మాట ఎక్కడా లేదు. చివరి ప్రశ్న: లబ్ధిదారుకు ఎంత సంతృప్తి? ఒకటి నుంచి అయిదు వరకు.

"అయిదే వెయ్యి. తక్కువ వేస్తే వెనకాల ఉన్నవాళ్లకి ఇవ్వరు" అంది. వరసలో తర్వాతి ఇల్లు ఆవిడ చెల్లెలిదట.

అయిదే వేశాను. పక్కన ఖాళీలో పెన్సిల్‌తో అప్పుల లెక్క రాసుకున్నాను. తర్వాతి ఊళ్లలో ప్రతి ఇంట్లోనూ అదే పని చేశాను, మా బృందనాయకుడు విసుక్కుంటున్నా.

మరుసటి ఏడాది కరువు జిల్లాల మహిళలు ఫైనాన్సు కంపెనీల దగ్గర తీసుకున్న అప్పుల్లో లక్ష రూపాయల లోపువి మాఫీ చేస్తామని శ్రీలంక ప్రభుత్వం ప్రకటించింది. ఆ వార్త చదివి మా నివేదిక మళ్లీ తీశాను. మొదటి పేజీలో సంతృప్తి సగటు పెద్ద అక్షరాల్లో ఉంది. నా పెన్సిల్ లెక్కలు చిట్టచివరి అనుబంధంలో, చిన్న అక్షరాల్లో ఉన్నాయి.