ముందు డ్రమ్స్ దగ్గరే కూర్చోండి

ఇంట్లో కూర్చుని హిప్ హాప్ బీట్లు చేయడం నేర్చుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. కిక్ (కింద గుమ్మనే దెబ్బ), స్నేర్ (ఫట్‌మనే దెబ్బ), హై హ్యాట్ (టిక్ టిక్‌మనే తాళం). ఈ మూడు సౌండ్లతో తల దానంతట అదే ఊగే లూప్, అంటే తిరిగి తిరిగి మోగే ముక్క, ఒకటి తయారయ్యేదాకా పియానో, సింథ్, ఫ్లూట్ వగైరాల జోలికి పోకండి. వినడానికి చాదస్తంగా అనిపించొచ్చు, ఎందుకంటే యూట్యూబ్‌లో చాలా వీడియోలు మెలొడీతోనే మొదలవుతాయి, పది నిమిషాల్లో బీట్ పూర్తయిపోతుంది, చూసి మనం అచ్చం అలాగే చేస్తే మాత్రం సీరియల్ బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కింద డ్రమ్స్ అతికించినట్టు వస్తుంది. వాళ్ల చేతిలో బాగుండి మన చేతిలో బాగోకపోవడానికి కారణం మెలొడీలో లేదు, కింద నడిచే డ్రమ్స్‌లో ఉంది.

అసలు ఈ సంగీతం పుట్టిందే డ్రమ్స్ కోసం. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అనే అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి స్కూలు తెరిచేలోపు కొత్త బట్టలకి డబ్బులు వస్తాయని ఒక పార్టీ పెట్టింది. పాటలు వేసింది వాళ్ల అన్నయ్య, జమైకా నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన డీజే కూల్ హెర్క్. పాటలో మిగతావాళ్లంతా ఆగిపోయి డ్రమ్మర్ ఒక్కడే వాయించే కొన్ని సెకన్ల ముక్కని బ్రేక్ అంటారు, అది రాగానే జనం ఊగిపోతున్నారని అతను గమనించాడు. ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒకదాంట్లో బ్రేక్ అయిపోతుండగానే రెండోదాంట్లో అదే ముక్క అందుకుంటూ కొన్ని సెకన్ల డ్రమ్స్‌ని నిమిషాల తరబడి సాగదీశాడు. ఇప్పుడు మనం లాప్‌టాప్‌లో లూప్ బటన్ నొక్కి చేసేది ఆ పనే.

సామాన్ల సంగతి త్వరగా ముగిస్తాను. ఇప్పుడు ఇంట్లో ఉన్న లాప్‌టాప్ చాలు, వెనక వైపు మూసి ఉండే (క్లోజ్డ్ బ్యాక్) మంచి హెడ్‌ఫోన్లు ఒక జత చాలు, అవీ వైరువే తీసుకోండి, బ్లూటూత్‌లో నొక్కిన దానికీ వినిపించే దానికీ మధ్య ఆలస్యం ఉంటుంది, టైమింగ్ నేర్చుకునేవాళ్లకి అది పనికిరాదు. బీట్లు చేసే సాఫ్ట్‌వేర్లలో ఎఫ్ఎల్ స్టూడియో ఒకటి, దాని ఉచిత ట్రయల్‌లో దాదాపు అన్నీ వాడుకోవచ్చు, పాటని వేవ్ ఫైలుగా బయటికి తీసుకోవచ్చు, కాకపోతే సేవ్ చేసిన ప్రాజెక్టుని కొనేదాకా మళ్లీ తెరవలేం. కొనేటట్టయితే ఒకటి గుర్తుపెట్టుకోండి, చవకైన ఎడిషన్‌లో అన్నీ ఉండవు, మైకు రికార్డింగు, ఆడియో క్లిప్పులు ఉన్నాయో లేదో చూసి తీసుకోండి, ప్రొడ్యూసర్ ఎడిషన్‌లో ఉంటాయి. ఒకసారి కొంటే తర్వాతి వెర్షన్లన్నీ ఉచితం. రూపాయి ఖర్చు పెట్టే పరిస్థితి లేకపోతే బ్యాండ్‌ల్యాబ్ ఉంది, బ్రౌజర్లోనూ ఫోన్లోనూ నడుస్తుంది, ఐఫోన్ ఉన్నవాళ్లకి గ్యారేజ్‌బ్యాండ్ ఉండనే ఉంది. క్రాక్ వెర్షన్ల జోలికి వెళ్లకండి. వైరస్ గొడవ ఒకటైతే, రేపు ఎవరికైనా బీట్ అమ్మాలంటే మనసులో ఆ పీకుడు ఉంటుంది.

ఇక అసలు పని. టెంపో 90 బీపీఎమ్, అంటే నిమిషానికి 90 దెబ్బలు, పెట్టండి. ఒక బార్‌లో నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకి నాలుగు గళ్లు, మొత్తం 16 గళ్లు కనిపిస్తాయి. కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవాళ్లు ఆది తాళం ఒక ఆవర్తనం అంటే రెండు బార్లు అనుకుంటే లెక్క సరిపోతుంది. స్నేర్‌ని రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద పెట్టండి, అంటే 5వ గడి, 13వ గడి. కిక్‌ని 1వ గడిలో పెట్టి, ఇంకోటి 8లో, ఇంకోటి 11లో వేసి వినండి. హై హ్యాట్ ఒక గడి విడిచి ఒక గడి. ఇది రెండు నిమిషాల పని. వినడానికి చప్పగా, గడియారంలా ఉంటుంది. ఇక్కడే చాలామంది 'సరే డ్రమ్స్ అయిపోయాయి' అని ముందుకు వెళ్లిపోతారు, నిజానికి నేర్చుకోవాల్సింది ఇక్కడి నుంచే మొదలు.

ముందు హ్యాట్లు పట్టుకోండి. ప్రతి నోటుకీ వెలాసిటీ అని ఒక గీత ఉంటుంది, ఎంత గట్టిగా కొట్టామన్నది. మనిషి చేత్తో వాయిస్తే ఏ రెండు దెబ్బలూ ఒకేలా పడవు, కాబట్టి దెబ్బ మీద పడే హ్యాట్‌ని గట్టిగా ఉంచి, మధ్యలో వచ్చే హ్యాట్‌ని సగానికి దించండి. అంతే, లూప్ నడక మారిపోతుంది. తర్వాత స్నేర్. నోట్లన్నీ గళ్ల మీద కనిపించే పియానో రోల్‌లో ఆ నోటుని పట్టుకుని, ఆల్ట్ కీ నొక్కిపెట్టి, గీత మీద నుంచి వెంట్రుకవాసి కుడివైపుకి జరపండి. 90 బీపీఎమ్‌లో ఒక గడి సుమారు 167 మిల్లీసెకన్లు, స్నేర్‌ని 10 నుంచి 15 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే చాలు. విడిగా వింటే తేడా ఉన్నట్టే తెలీదు. కిక్‌తో కలిపి వింటే డ్రమ్మర్ కుర్చీలో వెనక్కి వాలి తీరిగ్గా వాయిస్తున్నట్టు ఉంటుంది. అదే స్నేర్‌ని ఎడమవైపు జరిపి చూడండి, ఏదో తరుముకొస్తున్నట్టు టెన్షన్ మొదలవుతుంది. రెండూ మార్చి మార్చి వింటూ ఒక సాయంత్రం మొత్తం గడిపేయొచ్చు, దండగ అనుకోకండి, ఆ సాయంత్రం మీకు నేర్పేది ఏ కోర్సూ నేర్పదు.

దీనికి అన్నలాంటిది స్వింగ్, అంటే ప్రతి రెండో గడినీ కొంచెం ఆలస్యం చేయడం. 1988లో అకాయ్ కంపెనీ ఎంపీసీ60 అనే మెషీన్ తెచ్చింది, నాలుగు వరసల్లో 16 రబ్బరు మీటలు, వేళ్లతో కొట్టి వాయించడమే. దాన్ని డిజైన్ చేసిన రోజర్ లిన్ స్వింగ్‌ని శాతాల్లో పెట్టాడు. 50 అంటే గళ్లు సమానం. 66 దగ్గరికి వచ్చేసరికి నడక మూడు మూడుగా, మన తిస్ర గతిలోకి వెళ్లిపోతుంది. ఈ రెంటి మధ్యలో ఉన్న జాగా అంతా హిప్ హాప్‌దే. 54 పెడితే 90 బీపీఎమ్‌లో ప్రతి రెండో గడి 13 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది, 58 పెడితే 27. ఎఫ్ఎల్‌లో ఛానెల్ ర్యాక్ పైనే స్వింగ్ స్లైడర్ ఉంది, అక్కడి అంకెలు వేరేలా ఉంటాయి కానీ చేసే పని ఇదే. ఇక ఈ మెషీన్ లెక్కల్ని తనకి కావలసినట్టు వంచినవాడు డెట్రాయిట్‌కి చెందిన బీట్ మేకర్ జే డిల్లా. సాఫ్ట్‌వేరు నోట్లని గీత మీదకి లాగేదాన్ని క్వాంటైజ్ అంటారు, అతను చాలా బీట్లలో దాన్ని ఆపేసి వేళ్లతో కొట్టింది కొట్టినట్టే ఉంచేవాడని చెబుతారు, కిక్ ఒక నడక, హ్యాట్ ఇంకో నడక, అయినా కలిసే ఉంటాయి. 2006లో 32 ఏళ్లకే చనిపోయాడు. అతని ఎంపీసీ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వాళ్ల ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో ఉంది, వయొలిన్‌కో వీణకో ఇచ్చే గౌరవం ఒక డ్రమ్ మెషీన్‌కి దక్కడం చూస్తే నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

హిప్ హాప్‌లోనే ఇంకో రకమైన ట్రాప్ చేయాలనుకునేవాళ్లకి లెక్క కొంచెం వేరు. టెంపో 140 దాకా పెడతారు, స్నేర్ మాత్రం మూడో దెబ్బ మీద ఒక్కసారే పడుతుంది, అందుకే వినడానికి 70లా నిదానంగా ఉంటుంది. హ్యాట్లు పరుగెడతాయి, మధ్యమధ్యలో మూడేసి చొప్పున దొర్లుతాయి. మనవాళ్లకి ఇది త్వరగా పట్టుబడుతుందని నా నమ్మకం, బోనాలకీ పెళ్లి బారాత్‌కీ తీన్‌మార్ వింటూ పెరిగిన కాళ్లకి మూడు మూడు నడక కొత్తగా నేర్పక్కర్లేదు.

ట్రాప్ అనగానే 808. ఇది రోలాండ్ కంపెనీ 1980లో తెచ్చిన టీఆర్-808 డ్రమ్ మెషీన్. నిజం డ్రమ్స్‌లా లేదని అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు, 1983కల్లా తయారీ ఆపేశారు, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరకడంతో డబ్బుల్లేని కుర్రాళ్ల చేతికి వచ్చింది. దాని కిక్‌ని సాగదీస్తే గుమ్మ్‌మని ఒక స్వరం మిగులుతుంది, ఆ స్వరమే ఇప్పుడు బేస్ గిటార్ స్థానంలో కూర్చుంది. స్వరం కాబట్టి శ్రుతిలో ఉండాలి, మెలొడీ ఒక శ్రుతిలో 808 ఇంకో శ్రుతిలో ఉంటే ఎంత ఖరీదైన ప్లగిన్ వేసినా కడుపులో తిప్పినట్టే ఉంటుంది. ముందు శాంపిల్ (రికార్డు చేసి ఉన్న సౌండ్ ముక్క) అసలు శ్రుతి ఏదో ట్యూనర్‌తో చూసుకుని అప్పుడు నోట్లు రాయండి. ఇంకో సంగతి, 808 నోట్లు 40, 50 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి, ఫోన్ స్పీకరు అంత కిందికి దిగలేదు, మన ఊళ్లలో చాలామంది వినేది ఫోన్‌లోనే. అందుకని 808 మీద కొంచెం డిస్టార్షన్ (సౌండ్‌ని కాస్త పగలగొట్టే ఎఫెక్ట్) వేస్తే పై హార్మోనిక్స్, అంటే ఆ స్వరంతో పాటు మోగే పై స్వరాలు, పుట్టుకొచ్చి ఫోన్‌లో కూడా నోటు తెలుస్తుంది. కిక్, 808 ఒకేసారి పడేచోట రెండూ కొట్టుకుంటాయి, కిక్ పడిన క్షణంలో 808 వాల్యూమ్ కొంచెం తగ్గేలా సైడ్‌చెయిన్ పెట్టండి, లేదా ఒకదాన్ని తీసేయండి. తీసేయడమే నాకు ఇష్టం.

డ్రమ్స్ కుదిరాక మెలొడీకి రండి. సంగీతం నేర్చుకోలేదే అని దిగులు పడక్కర్లేదు. శుద్ధ ధన్యాసి ఉంది కదా, స గ మ ప ని, వెస్ట్రన్‌లో మైనర్ పెంటాటోనిక్ అన్నా ఆ స్వరాలే, ఈ అయిదిట్లో మూడు నోట్లు తీసుకుని నాలుగు బార్లు నింపండి. అంతకంటే ఎక్కువ పెట్టబుద్ధవుతుంది, ఆపుకోండి.

లేదా శాంపిల్ తీసుకోవచ్చు. పాత తెలుగు పాటల్లో వీణ బిట్లు, వయొలిన్లు, కోరస్‌లు ఎంత సంపద ఉందో చెప్పలేను, ఇంట్లో నేర్చుకోవడానికి కోసి, వేగం తగ్గించి, తిరగేసి ఆడుకోండి. బయటికి విడుదల చేసేటప్పుడు మాత్రం అనుమతి కావాలి. మన దేశంలో సౌండ్ రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్లుంటుంది, రికార్డింగు హక్కు వేరు, పాట రాసి స్వరం కట్టినవాళ్ల హక్కు వేరు, రెండూ అడగాలి. అమెరికాలో 2002లో వచ్చిన ఒక ఆర్ అండ్ బీ హిట్‌లో లతా మంగేష్కర్ పాట ముక్కని అడక్కుండా వాడితే వ్యవహారం కోర్టుకెళ్లింది, సంగీత దర్శకుడు బప్పీ లహరి పేరు వేసేదాకా ఆ ఆల్బమ్ అమ్మకాలు ఆపమని లాస్ ఏంజెలెస్ జడ్జి చెప్పాడు.

నన్ను కోర్టు భయం కంటే ఎక్కువ కదిలించేది డ్రమ్మర్ల సంగతి. అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ దగ్గర వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ దరువు ఒకటి వందల హిప్ హాప్ పాటల్లో ఉంది. గ్రెగరీ కోల్‌మన్ 1969లో వాయించిన కొన్ని సెకన్ల బ్రేక్ లెక్కలేనన్ని పాటల్లో ఉంది. ఆ వాడకం మీద వాళ్లకి రాయల్టీ రాలేదు. మనం పీల్చే గాలిలా వాడుకుంటున్న దరువు వెనక ఒక మనిషి చేతులున్నాయి, అది మర్చిపోకూడదు. అందుకే మా అమ్మ వాళ్ల ఊళ్లో డప్పు వాయించే ఒక అన్న దగ్గరికి వెళ్లి రికార్డ్ చేసుకున్నప్పుడు, ఆయన పెళ్లికి ఎంత తీసుకుంటాడో అడిగి అంతా ఇచ్చి, 'అన్నా, దీన్ని ముక్కలు చేసి పాటల్లో పెట్టుకుంటా' అని ముందే చెప్పాను. ఫోన్‌ని డప్పుకి దగ్గరగా పెడితే సౌండ్ పగిలిపోతుంది, నాలుగడుగుల దూరంలో కుర్చీ మీద పెట్టాలి. మంట దగ్గర కాచకముందు ఒకసారి, కాచాక ఒకసారి వాయించమన్నాను, కాచాక చర్మం బిగిసి సౌండ్ పైకి లేస్తుంది. కుడిచేతి సిర్ర దెబ్బ బరువుగా ఉంటుంది, దాని శ్రుతిని నాలుగు సెమీటోన్లు (నాలుగు స్వరస్థానాలు) దించి స్నేర్ కింద పరిచాను. ఎడమచేతి చిటికెన పుల్ల టకటకలు హ్యాట్లలో కలిపేశాను. అందరూ డౌన్‌లోడ్ చేసుకునే సౌండ్ ప్యాకుల్లో ఆ సౌండ్ దొరకదు.

చివరి మాట ఖాళీ గురించి. బీట్ మీద ఒక గొంతు వస్తుంది, మనం చోటు వదలాలి. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చులతో ముగుస్తాయి, ఒక మాటకి అక్షరాలూ ఎక్కువే, ఇంగ్లిష్ రాపర్ నాలుగు మాటల్లో చెప్పేది మనవాడు చెప్పాలంటే బార్ నిండిపోతుంది. మనకి కొట్టినట్టు పడేవి ద్విత్వాలు, దెబ్బ, గడ్డ, పట్టు లాంటివి, అవి సరిగ్గా స్నేర్ మీద పడితే ఒళ్లు జలదరిస్తుంది. అక్కడ మెలొడీ కూడా అరుస్తుంటే ఆ దెబ్బ తెలీదు. అందుకని పల్లవికి అన్నీ ఉంచండి, వర్స్ (చరణం) వచ్చేసరికి మెలొడీలో సగం తీసేయండి, నాలుగో బార్ చివర్లో డ్రమ్స్ కూడా ఒక్క దెబ్బ పాటు ఆపేయండి. బాగుందో లేదో తెలియాలంటే మీరే ఫోన్ పట్టుకుని దాని మీద ఏదో ఒకటి మాట్లాడి చూడండి, పేపర్లో వార్త చదివినా సరే, మాట స్పష్టంగా వినిపిస్తోందా లేదా అన్నది వెంటనే తెలిసిపోతుంది.

రాపర్‌కి పంపేటప్పుడు మాస్టర్‌లో, అంటే సౌండ్లన్నీ కలిసే చోట, గరిష్ఠ వాల్యూమ్‌కి 6 డెసిబెల్స్ ఖాళీ ఉంచి, డ్రమ్స్, బేస్, మెలొడీ విడివిడిగా 24 బిట్ వేవ్ ఫైళ్లు తీయండి, అన్నీ ఒకే చోట నుంచి మొదలవ్వాలి, ఫైల్ పేరులోనే బీపీఎమ్, శ్రుతి రాసేయండి. వాట్సాప్‌లో ఆడియోగా పంపొద్దు, కుదించేస్తుంది, డ్రైవ్‌లో పెట్టి లింకు పంపండి.