చెయ్యెత్తకుండా వేసిన ఓటు

2024 జులైలో ఒకరోజు మా పాప గౌను అంచంతా తడుపుకుని బడి నుంచి వచ్చింది. వాన లేదు. ఏమైందంటే "బాత్రూములోకి నీళ్లు మోసినాం మా" అంది. ఎవరెవరు మోశారని అడిగా. నలుగురి పేర్లు చెప్పింది. నలుగురూ మా గేరి పిల్లలే, ఎస్సీ కాలనీ వాళ్లే. మిగతావాళ్లు మొయ్యరా అంటే "వాళ్లకు చెప్పరు" అని సంచి గూట్లో పెట్టి ఆడుకోను పోయింది. తొమ్మిదేళ్ల పిల్లకు అందులో అడగాల్సిందేమీ కనపడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాది కర్నూలు జిల్లాలో ఆదోని వైపు ఊరు. పత్తి, మిరప, ఉల్లి. సుగ్గి కాలం వస్తే మా గేరిలో సగం ఇళ్లకు తాళాలే, గుంటూరు వైపు మిరపకాయలు కోయను పోతారు. నేను ఇంటర్ దాకా చదివి ఇంట్లో మిషన్ కుడతా.

మరుసటి రోజు హెడ్మాస్టరు సారు దగ్గరికి పోయినా. ఆయన తప్పించుకోలేదు. బాత్రూములు కడగడానికి ఆయా ఉండాలి, రికార్డులో ఉంది కూడా. మనిషి మాత్రం బడికి రాదు, ఆమె పాత బడి కమిటీ చైర్మన్‌కు బంధువు. "నేనొక్కణ్ణి కదిలించలేనమ్మా, కమిటీ తీర్మానం కావాల" అన్నాడు. బీరువాలోంచి కాగితాలు తీసి నా ముందర పెట్టాడు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ అక్కడే మొదటిసారి చదివినా. బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాల. సగం మంది ఆడవాళ్లు ఉండాల. మాలాంటి వర్గాల వాళ్లకు పిల్లల సంఖ్యను బట్టి చోటివ్వాల. మా కమిటీలోనూ మావాళ్లు ఉన్నారు, పేర్లకు. తీర్మానాల పుస్తకం ఇంటికి తెస్తే వేలిముద్ర వేసి పంపేవాళ్లు.

కొత్త కమిటీ ఎన్నికలు ఆగస్టు 8న అని రాష్ట్రమంతా ప్రకటించారు. నాలుగో తరగతి తల్లుల్లో నేను నిలబడతానని చెప్పినా. అంతే, సాయంత్రానికి మా ఆయన దగ్గరికి మనిషొచ్చాడు. "ఊర్లో ఏకగ్రీవం అనుకున్యాం, మీ ఇంట్లో ఆడమనిషికి చెప్పుకో" అన్నాడు. మా ఊర్లో రెండు పార్టీలు జెండా కట్టె దగ్గర కూడా కొట్లాడుకుంటాయి. ఈ ఒక్కదానికి మాత్రం కలిసిపోయినాయి. చైర్మన్ ఒకరికి, కింది పదవి ఇంకొకరికి అని రచ్చకట్ట మీద ముందే పంచుకున్నారు. మా ఆయన భయపడ్డాడు. మేము కౌలుకు చేసే రెండెకరాలు వాళ్లదే. అయినా "వద్దు" అని మాత్రం అనలేదు. దానికి ఆయనకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటా.

7వ తేదీ రాత్రి ఇంకో దెబ్బ. తెల్లారి పత్తిలో కలుపుకు రమ్మని గేరంతా చెప్పించారు, రోజూ ఇచ్చే కూలి మీద వంద ఎక్కువిస్తామని. వంద రూపాయలంటే మాకు రెండు రోజుల కూరగాయలు. పోయినవాళ్లను నేను తప్పు పట్టలేదు, ఇప్పుడూ పట్టను.

తరగతిలో సగం మంది తల్లిదండ్రులు రాకపోతే ఎన్నిక వాయిదా అని సారు చెప్పాడు. మా తరగతికి తొమ్మిది మంది కావాల. పొద్దున పదింటికి చూస్తే ఏడుగురం ఉన్నాం. వదిన స్కూటీ తీసుకుని చేని దగ్గరికి పోయినా. గట్టు మీద నిలబడి పిలిస్తే ఎవరూ తలెత్తలేదు. చివరికి ఇద్దరు, కొడవళ్లు మూటలో చుట్టుకుని, కాళ్లకు మన్ను అట్లే ఉండగా వచ్చి బండెక్కినారు. వాళ్లకు ఆ రోజు కూలి మొత్తం పోయింది.

బడిలో అసలు చిక్కు అప్పుడు తెలిసింది. చేతులెత్తమన్నారు. కిటికీ బయట మా ఆయన దగ్గరికి వచ్చిన మనిషే నిలబడి ఉన్నాడు. నాతో వచ్చిన ముసలామె నా చెయ్యి పట్టుకుని "చెయ్యెత్తితే సూస్తాడు గదమ్మా, రేపు పనికి పిలిచేది ఆయప్పే" అంది. ఆమె మనవణ్ణి చూసుకునేది ఆమే, ఓటు ఆమెదే. నేను లేచి చీటీలు పెట్టమని అడిగినా. గదిలో గొంతులు లేచినాయి. సారు మండల విద్యాధికారికి (ఎం.ఈ.ఓ.) ఫోన్ చేశాడు. వివాదం ఉంటే రహస్యంగా ఓటు వేయించొచ్చు అన్నారు అటువైపు నుంచి. చదువు రానివాళ్ల కోసం చీటీ మీద పేర్ల పక్కన ఒకరికి సూర్యుడు, ఒకరికి చెట్టు, నాకు కుండ బొమ్మ గీశారు. బీరువా తలుపు తెరిచి దాని వెనక ఒక్కొక్కరు పోయి గీత గీసి వచ్చినారు. ముసలామె చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

గెలిచినా. చైర్మన్ మాత్రం వాళ్లనుకున్న మనిషే అయ్యాడు. రెండు పదవుల్లో ఒకటి మా వర్గాల వాళ్లకు ఇవ్వాలి కాబట్టి నాకు వైస్ చైర్మన్ వచ్చింది.

మొదటి మీటింగులో ఆయా సంగతి ఎత్తితే "వచ్చేసారి చూద్దాం" అన్నారు. రెండోసారి చైర్మన్ రాలేదు. మూడోసారి తీర్మానం రాయడానికి ఒప్పుకున్నారు గానీ, మాటల దగ్గర ఆగిపోయింది. "పిల్లలతో పని చేయించరాదు" అని రాస్తే చాలన్నాడు చైర్మన్. అట్ల రాస్తే అసలు జరిగింది పుస్తకంలో ఉండదు. "ఎస్సీ కాలనీ పిల్లలతో నీళ్లు మోయిస్తున్నారు, ఇకపై మోయించరాదు" అని రాయాలని నేను పట్టుబట్టినా. ఊరి పరువు పోతుందన్నారు. నీళ్లు మోసినప్పుడు పోయిన పరువు నా బిడ్డది అన్నా. అది అనేటప్పుడు నా గొంతు వణికింది. సారు పెన్ను మూత తీసి, ఎవరి ముఖమూ చూడకుండా, నేను చెప్పినట్టే రాశాడు. ఐదుగురు సంతకాలు పెట్టినారు, ఇద్దరు వేలిముద్రలు వేసినారు. చైర్మన్ మరుసటి వారం పెట్టాడు.

కొత్త ఆయా దసరా సెలవులు అయినాక వచ్చింది. ఆ ఏడాది మా రెండెకరాల కౌలు తప్పించారు. చేను లేదు, మిషన్ మీదే ఇల్లు గడుస్తోంది. వచ్చే ఎన్నికకు కలుపు పని లేని రోజు పెట్టమని ఇప్పటి నుంచే సారు ద్వారా అర్జీ పెడుతున్నా.