సర్పంచ్ ఎన్నికల డ్యూటీ: గులాబీ కాగితం, తెల్ల కాగితం, ఒకటే పెట్టె – నా అనుభవం

తెలంగాణలో పంచాయతీ ఎన్నికంటే ఒక్క రోజు పని. పొద్దున 7 గంటలకు పోలింగ్ మొదలు, మధ్యాహ్నం 1 గంటకు ఆఖరు, 2 గంటల నుంచి ఆ ఊళ్లోనే కౌంటింగ్, ఫలితం, వెంటనే ఉప సర్పంచ్ ఎన్నిక. అసెంబ్లీ ఎన్నికల్లా ఈవీఎం అప్పగించి ఇంటికి పోయేది ఉండదు. పొద్దున చేసిన పొరపాటు సాయంత్రానికి మళ్లీ మన టేబుల్ మీదికే వస్తుంది. 2019 జనవరి విడతల్లోనైనా, 2025 డిసెంబర్ విడతల్లోనైనా ఇదే వరస. ప్రిసైడింగ్ అధికారిగా, అంటే పోలింగ్ కేంద్రం బాధ్యుడిగా వెళ్లేవాళ్లకు నేను మొదట చెప్పే మాట కాగితాల లెక్క గురించే. అది సరిపోతే గొడవ లేని కౌంటింగ్ సగం చేతిలో ఉన్నట్టే.

ముందురోజు మండల కేంద్రంలో సామగ్రి తీసుకునేటప్పుడే లెక్క మొదలవుతుంది. సర్పంచ్‌కు గులాబీ రంగు బ్యాలెట్, వార్డు సభ్యుడికి తెల్లది. రెండు పుస్తకాలూ విప్పి వరస నంబర్లు ఒక్కొక్కటీ చూసుకోవాలి. మధ్యలో నంబరు ఎగిరిపోయినా, ఒకే నంబరు రెండుసార్లు పడినా అక్కడే రాయించుకోవాలి. ఊరికి చేరాక ఎవరూ ఒప్పుకోరు. ఈ బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు, ఫొటో ఉండవు, గుర్తు మాత్రమే ఉంటుంది. చివర నోటా. అందుకని వచ్చిన గుర్తులు మన ఊరివో కాదో, మన వార్డువో కాదో పోటీదారుల జాబితా పక్కన పెట్టి సరిచూడాలి. వార్డు ఏకగ్రీవమైతే ఓటరుకు గులాబీ కాగితం ఒక్కటే ఇవ్వాలన్న సంగతి బృందంలో అందరికీ రాత్రే చెప్పాలి.

రబ్బరు ముద్రలు రెండు రకాలు. ఒకటి స్వస్తిక్ ముద్ర, ఓటరు వాడేది. రెండోది డిస్టింగ్విషింగ్ మార్క్, బ్యాలెట్ వెనక మనం వేసి పక్కన సంతకం పెట్టేది. ఈ రెండూ తారుమారైతే జరిగే నష్టం చిన్నది కాదు. 2020 జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) ఎన్నికల్లో స్వస్తిక్ కాకుండా వేరే ముద్ర పడ్డ ఓట్ల సంగతి హైకోర్టు దాకా వెళ్లింది. నేనైతే రెంటినీ ముందు తెల్లకాగితం మీద వేసి చూసి, స్వస్తిక్ ముద్రను నా చేత్తోనే ఓటింగ్ కంపార్ట్‌మెంట్‌లో పెడతాను. రెండోదాన్ని నా టేబుల్ దాటనివ్వను.

7 గంటలకు ముందు అభ్యర్థుల ఏజెంట్లను దగ్గరికి పిలిచి ఖాళీ పెట్టెను బోర్లించి చూపించాలి. లోపల అడ్రస్ ట్యాగ్ (పెట్టె ఏ కేంద్రానిదో చెప్పే చీటీ) వేసి, పేపర్ సీల్ మీద వాళ్ల సంతకాలు తీసుకుని, సీల్ బిగించి మూత వేయాలి. పెట్టె అందరికీ కనిపించే చోట ఉండాలి. పోలింగ్ ఊపందుకున్నాక కాగితాలు పెట్టె మూత సందు కిందే కుప్పపడి అడ్డం నిలుస్తాయి. అప్పుడు స్కేలుతో మెల్లగా పక్కకు నెట్టాలి.

ఇక మడత. దీని మీద ఎక్కువ చెబుతున్నానంటే కారణం ఉంది. బ్యాలెట్‌ను మొదట నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. మనమే ఒకసారి మడిచి, విప్పి ఇస్తే ఓటరు అదే గీత మీద మడుస్తాడు. తన ఇష్టం వచ్చినట్టు మడిస్తే తడి సిరా ఎదుటి గుర్తు మీద అంటుకుంటుంది. సాయంత్రం ఒకే కాగితం మీద రెండు ముద్రలు కనిపించేసరికి ఏజెంట్లు లేచి నిలబడతారు. “సార్, ఇది చెల్లదు” అని ఒకరు, “మాదే” అని ఇంకొకరు. అప్పుడు స్వస్తిక్ చేతుల వైపు చూడాలి. అసలు ముద్రలో అవి ఎటు తిరిగాయో, అంటుకున్న మరకలో దానికి ఎదురు తిరుగుతాయి, అద్దంలో చూసినట్టు. పైగా మరక పలచగా ఉంటుంది. కాగితాన్ని ఆ గీతల మీదే మళ్లీ మడిచి చూపిస్తే రెండూ ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. ఇక వాదన ఉండదు, ఓటు చెల్లుతుంది. ఇంకు ప్యాడ్ మరీ తడిగా ఉంటే ఈ తంటా ఎక్కువ, మరీ ఎండితే ముద్రే పడదు. గంటకోసారి ప్యాడ్ చూడమని ఒకరికి అప్పజెప్పాలి.

కాగితాలు ఇచ్చేటప్పుడు రెండు గులాబీవి అతుక్కుని ఒకరికే వెళ్లే ప్రమాదం ఉంది. కౌంటర్‌ఫాయిల్ (పుస్తకంలో మిగిలే ముక్క) నంబరు పైకి చదువుతూ చింపితే అది జరగదు. ఒకరి ఓటు అప్పటికే ఎవరో వేసేసి ఉంటే, వచ్చినవాళ్లు అసలు ఓటరేనని తేలాక టెండర్ ఓటు ఇవ్వాలి. ఆ కాగితం పెట్టెలో పడకూడదు, కవర్లోకే. 1 గంటకు వరసలో ఉన్నవాళ్లే ఓటేసేలా, వాళ్లకు తోక నుంచి ముందుకు చీటీలు ఇవ్వాలి. ముందు నుంచి ఇస్తే మీరు చివరికి చేరేలోపు తోక ఇంకా పెరుగుతుంది.

కౌంటింగ్‌లో గులాబీ, తెలుపు వేరుచేసి 25 చొప్పున కట్టలు కడతాం. పెట్టెలోంచి వచ్చినవి బ్యాలెట్ అకౌంట్‌లోని (కాగితాల లెక్క రాసే ఫారం) సంఖ్యకు సరిపోవాలి. ఒకటి తగ్గిందంటే ఓటరెవరో జేబులో వేసుకుని వెళ్లి ఉండవచ్చు. తేడాను తేడాగానే రాయాలి, సర్దేసి రాయకూడదు. ఒకే గుర్తు మీద రెండుసార్లు గుద్దినా ఓటు చెల్లుతుంది. ఇద్దరి గడుల మధ్య గీత మీద పడి ఎవరికో తేలకపోతే చెల్లదు. వేలిముద్ర వేసినా, పేరు రాసినా చెల్లదు. వెనక మన సంతకం లేకపోవడం మన తప్పేనని తేలితే మాత్రం ఓటరును శిక్షించకూడదు, దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే. రీకౌంటింగ్ అడిగేవాళ్లు ఫలితం ప్రకటించకముందే కారణం రాసి ఇవ్వాలి. ఓట్లు సమానమైతే లాటరీ.

ఫలితం చెప్పాక జనం వెళ్లిపోతారనుకుంటే పొరపాటు. 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌కు, ఉప సర్పంచ్‌కు కలిపి చెక్ పవర్, అంటే పంచాయతీ చెక్కుల మీద సంతకం చేసే అధికారం ఇచ్చింది. దాంతో ఆ రెండో కుర్చీకి పోటీ గట్టిగానే ఉంటుంది. కోరం కోసం సభ్యుల్లో సగం మంది ఉన్నారో లేదో లెక్కపెట్టి, సంతకాలు తీసుకుని, చేతులెత్తించి ఎన్నుకోవాలి. సర్పంచ్‌కూ ఓటుంటుంది. ఎవరు ఎవరికి చెయ్యెత్తారో పేరు పేరునా మినిట్స్‌లో రాసి, చదివి వినిపించి, కవర్లకు లక్క సీలు వేశాకే బస్సెక్కాలి.