పార్థియన్ వెండి నాణేలు: పద్నాలుగు నెలల్లో తొమ్మిది

లండన్‌కి వచ్చాక, బ్రిటిష్ మ్యూజియంలో ప్రాచీన ఇరాన్‌ను ఏలిన పార్థియన్ రాజుల వెండి నాణేలు చూసినప్పటి నుంచి నాకు వాటి మీద మనసు పడింది. పోయినేడు మొదటి డ్రాకమ్ (అప్పటి చిన్న వెండి నాణెం) 45 పౌండ్లకు కొన్నాను. ఇప్పుడు ట్రేలో తొమ్మిది ఉన్నాయి. అన్నీ డ్రాకమ్‌లే, అటూఇటూగా 20 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 3.5 నుంచి 4 గ్రాముల బరువు.

ఈ నాణేలతో వచ్చే చిక్కంతా పేరుతోనే. మన శాతవాహనుల వెండి నాణేల మీద వాసిఠీపుత్ర పులుమావి అని తల్లి పేరుతో సహా రాజు పేరు చదువుకోవచ్చు. పార్థియన్ రాజులు మాత్రం దాదాపు అందరూ వంశకర్త అర్సకుడి పేరే వేయించుకున్నారు. బొమ్మ వైపు ఎడమకు తిరిగిన రాజు తల, బొరుసు వైపు విల్లు పట్టుకుని కూర్చున్న విలుకాడు, చుట్టూ గ్రీకులో ‘రాజాధిరాజు అర్సకుడు, ఉపకారి, న్యాయవంతుడు, గ్రీకుల మిత్రుడు’ అని బిరుదులు. మరి ఏ రాజో తేల్చేదెలా? గడ్డం, కిరీటం, తల వెనుక గుర్తులు చూడాలి, డేవిడ్ సెల్వుడ్ కేటలాగ్‌లోని రకాలతో పోల్చుకోవాలి. విల్లు కింద ఉండే మోనోగ్రామ్ (అక్షరాలు కలిపి అల్లిన గుర్తు) టంకశాలను చెబుతుంది. నా దగ్గరున్న వాటిలో ఆరు ఎక్బటానావి, అంటే ఇరాన్‌లోని నేటి హమదాన్.

ఈ నెలంతా ఆరో నంబర్ నాణెంతోనే గడిచింది. అమ్మినాయన దాన్ని రెండో ఒరోడెస్‌ది అన్నాడు. క్రీ.పూ. 53లో కర్హే దగ్గర రోమన్ సేనాని క్రాసస్ సైన్యాన్ని ఓడించింది ఈ రాజు సేనలే కాబట్టి నాకు చాలా సంతోషమైంది. నుదుటి మీద పులిపిరి కూడా ఉంది. కానీ ఆ పులిపిరి అతని కొడుకు నాలుగో ఫ్రాటెస్ నాణేల మీదా కనిపిస్తుంది. తల వెనుక అరిగిపోయిన ఒక ఉబ్బు ఉంది, ఒరోడెస్ నాణేల్లో నెలవంక, నక్షత్రం ఉండే చోటే. మూడు రాత్రులు గదిలో లైట్లు ఆర్పి, టార్చి వెలుగు పక్క నుంచి, దాదాపు బల్లకు ఆనించినట్టు పడేలా పెట్టి, ఫోన్ మాక్రోతో ఫోటోలు తీశాను. ఇరవయ్యో ఫోటోలో రెక్క కనిపించింది, తర్వాత ముక్కు, ముక్కున దండ. గద్ద! అంటే ఇది ఫ్రాటెస్‌దే. కర్హేలో చేజిక్కిన రోమన్ సైనిక ధ్వజాలను క్రీ.పూ. 20లో రోమ్ చక్రవర్తి ఆగస్టస్‌కు తిరిగిచ్చింది ఇతనే. కావాలనుకున్న నాణెం కాదు, అయినా ఇప్పుడు తొమ్మిదిట్లో నాకు ఇదే ఇష్టం.

మధ్యలో ఒక టెన్షన్ కూడా వచ్చింది. మొదటి నాలుగు నాణేలను మెత్తటి పీవీసీ కవర్లలో ఉంచాను. ఎనిమిది నెలలకు రెండింటి అంచున ఆకుపచ్చ జిగురు పట్టింది. గాజు గిన్నెలో శుద్ధమైన అసిటోన్ పోసి, కిటికీ తెరిచి, పది నిమిషాలు నానబెడితే పోయింది. రుద్దలేదు. పాత వెండి లోపల పెళుసెక్కి ఉంటుంది, కాస్త వంచినా విరగొచ్చు. ఇప్పుడు అన్నీ పీవీసీ లేని మైలార్ ప్లాస్టిక్ కవర్లలోకి మారాయి. నల్లబడిన వెండికి పాలిష్ అసలు పెట్టను, ఆ నలుపు అక్షరాలను చదవనిస్తుంది.

కొనేముందు నకిలీదేమోనని మూడు చూస్తాను: 0.01 గ్రాము వరకు చూపే కాటా మీద బరువు, అంచు చుట్టూ పోత గీత, అక్షరాల మధ్య గాలి బుడగల గుంటలు. పాత బిల్లు లేనిదే కొనడం మానేశాను.

తర్వాత మొదటి వొలొగేసెస్ డ్రాకమ్ కోసం చూస్తున్నాను. తల వెనుక అతని సొంత పేరు మొదటి రెండక్షరాలు పార్థియన్ లిపిలో ఉంటాయి. సెల్యూసియా టంకశాల టెట్రాడ్రాకమ్ (నాలుగు డ్రాకమ్‌ల నాణెం) మీద సెల్యూసిడ్ శకం ప్రకారం సంవత్సరం, నెల కూడా వేసేవారు, 352 అని ఉంటే క్రీ.శ. 40–41. అది ఇప్పుడు నా చేతికి అందే ధర కాదు.

ఆరో నంబర్ పాత చీటీ తీసేశాను. కొత్తది: నాలుగో ఫ్రాటెస్, డ్రాకమ్, ఎక్బటానా, 3.71 గ్రా, తల వెనుక గద్ద.