పట్టీ మీద మిగిలిన తోక

2013 జూన్ 18న కేంద్ర ప్రభుత్వం పయోగ్లిటాజోన్ అనే షుగరు మందు తయారీ, అమ్మకం నిలిపివేసిందని పేపర్లో చదివి, "పాపం, ఎవరు వాడుతున్నారో" అనుకున్నాను. వాడుతున్నది నేనేనని తెలియడానికి పది రోజులు పట్టింది. నెల మందులకు వెళితే షాపు కుర్రాడు "ఇది ఆపేశారండీ, మూత్రాశయ క్యాన్సర్ వస్తుందట" అని తర్వాతివారి చీటీ అందుకున్నాడు.

ఇంటికొచ్చి పాత మాత్రల పట్టీ తిప్పి చూశాను. లోపలి మందుల పేర్లు ఆవగింజంత అక్షరాల్లో ఉన్నాయి. నేనేమో రోజూ ఆ వైపు నుంచే చించుకుంటూ వచ్చాను. భూతద్దం పెడితే "టాజోన్ 15 మి.గ్రా." అన్న తోక కనిపించింది. మీరైనా రెండో వైపు నుంచి చించండి.

భయంతో ఆ మాత్ర మానేశాను. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కూడా అందులోనే ఉన్నాయి. అంటే ఒకదానికి జడిసి మూడూ మానేశానన్నమాట. వారం తిరిగేసరికి పరగడుపున 130 ఉండే షుగరు 214 అయింది.

అయినా నన్ను నిజంగా కుదేలు చేసింది షుగరు కాదు, ఆసుపత్రిలో చీటీలు రాసే అమ్మాయి. ఆ మందు వాడినవాళ్లను ముందే కొన్ని ప్రశ్నలు అడగమన్నారట. మంచిదే. కానీ ముప్పై మంది కూర్చున్న హాల్లోనా?

"మూత్రంలో రక్తం పడుతోందా బాబాయ్ గారూ?"

"లేదమ్మా."

"గట్టిగా చెప్పండి. ఏ రంగులో వస్తోంది?"

కాగితం ఇస్తే రాసిస్తానన్నాను. నోటితోనే చెప్పమంది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను, తప్పు చేసిన పిల్లవాణ్ణి కూడా నలుగురిలో నిలబెట్టలేదు. కావాలంటే నా శిష్యుల్ని అడగండి. అడగడానికి ఒకడు అక్కడే ఉన్నాడు, భార్యతో సహా. పరీక్షకని ఇచ్చిన సీసాకు మూత ఉంది గానీ సంచి లేదు. ల్యాబు హాలుకు అవతలి చివర. సీసా నింపుకుని వస్తుంటే వాడు లేచి, రెండు చేతులూ జోడించి, "నమస్కారం మాస్టారూ" అన్నాడు. నేను ఏ చేతులు జోడించను?

పరీక్షలో రక్తం లేదు. డాక్టరు గారు, చెప్పకుండా మానేసినందుకు చీవాట్లు పెట్టి, మిగతా రెండు మందులే మోతాదు సరిచేసి రాశారు.

ఇంతలో జూలై 31న నిషేధం ఎత్తేశారు! పెట్టె మీద హెచ్చరిక ఉండాలట, మొదటి మందుగా వాడకూడదట, మూత్రాశయ క్యాన్సర్ ఉన్నవారికి ఇవ్వకూడదట. ఫ్రాన్స్ 2011లోనే ఆపేసిన మందు మనకు 43 రోజుల్లో మళ్లీ మంచిదైపోయింది. ఈ షరతులేవో మొదటిరోజే పెట్టి ఉంటే ఆ సీసా ఊరేగింపు తప్పేది కదా! నన్ను హడలగొట్టిన కుర్రాడే "వచ్చేసిందండీ, ఇమ్మంటారా" అని పిలిచాడు.

నిన్న డాక్టరు గారిని అదే అడిగాను. ఆయన నా కాళ్లవైపు చూసి, "చీలమండల వాపు తీసింది, గమనించారా?" అన్నారు. నిలబడి పాఠాలు చెప్పిన ఫలితం అనుకుంటూ వచ్చాను. ఆ మందు ఒంట్లో నీరు నిలబెడుతుందట. ఇక నాకు వద్దన్నారు. పరగడుపు షుగరు 146 దగ్గర ఉంది.

బయటికొచ్చి చెప్పుల పట్టీ రెండు కన్నాలు లోపలికి బిగించుకున్నాను.