నోరు పూసింది, వేడి చేసింది

‘ఎర్ర లారీ తెల్ల లారీ’ అని గబగబా పదిసార్లు అనమంటే మనవాళ్ళకి నాలుక మడత పడుతుంది. చైనాలో దానికి సాటి వచ్చే వాక్యం ‘సి షి సి ఝి షి షి జ’. నలభై నాలుగు రాతి సింహాలు అని అర్థం. షాంఘైలో ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఈ సింహాలు నాకు పరిచయమయ్యాయి. మతిమరుపు జబ్బేమోనని అనుమానం ఉన్న పెద్దవాళ్ళకు 30 మార్కుల చిన్న పరీక్ష ఒకటి పెడతారు, ఎం.ఎం.ఎస్.ఇ. అని. అందులో డాక్టరు ఒక వాక్యం చెప్తే పేషెంటు అదే తిరిగి చెప్పాలి. ఇంగ్లీషులో ఉన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు అనువదిస్తే చైనా భాషలో దానికి పట్టూ ఉండదు, పదునూ ఉండదు. అందుకని దాన్ని తీసేసి సింహాలను పెట్టారు.

ఆ పరీక్షలో నాకు ఇంకా నచ్చిన సంగతి మార్కుల దగ్గరుంది. షాంఘైలో వృద్ధుల మీద పెద్ద సర్వే చేసి, బడి మొహం చూడనివాళ్ళకు 17, ప్రాథమిక చదువు దాకా చదివినవాళ్ళకు 20, అంతకన్నా ఎక్కువ చదివినవాళ్ళకు 24 అని వేరువేరు గీతలు గీశారు. అంతకు మించి తెచ్చుకుంటే ఫరవాలేదన్నట్టు. అది వినగానే మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడది వేలిముద్ర. బజారు లెక్క మాత్రం పైసా తేడా రానిచ్చేది కాదు. అందరికీ ఒకటే గీత గీస్తే ఆవిడకి కాగితం మీద మతిమరుపు అంటగట్టేవాళ్ళు.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఎం.ఫార్మసీ చేసి, అమీర్‌పేటలో క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్ నేర్చుకుని, ఏడేళ్ళు అక్కడే పనిచేశాక 2018లో కంపెనీ నన్ను షాంఘై పంపింది. పుడోంగ్‌లో ఝాంగ్‌జియాంగ్ అనే చోట ఆఫీసు. మందుల కంపెనీలు, ల్యాబులు అక్కడ చాలానే ఉన్నాయి. పొద్దున మెట్రో 2వ లైన్లో నిలబడి వెళ్ళడం, సాయంత్రం చైనా భాష క్లాసు, రాత్రి కుక్కర్లో పప్పు. మా పనంతా నరాల జబ్బుల మీద, పిల్లల ఎదుగుదల సమస్యల మీద జరిగే అధ్యయనాలు. ఆస్పత్రుల నుంచి వచ్చే ప్రతి అంకె, ప్రతి మాట సరిగ్గా ఉందో లేదో చూడాలి. తేడా కనిపిస్తే ఆస్పత్రికి ‘క్వెరీ’ పంపాలి. పేషెంటు పేరు, ఊరు మాకు కనిపించవు. నంబరే కనిపిస్తుంది.

నంబరు వెనక మనిషి ఎలా మాట్లాడతాడో తెలియకపోతే ఈ పని చేయలేమని నాకు అర్థం కావడానికి కొన్ని నెలలు పట్టింది. ముందు పిల్లల అధ్యయనంలో తెలిసింది. ఆటిజం ఉందేమోనని తెచ్చిన పిల్లల ఫారాల్లో, ‘మాటల ఆలస్యాన్ని మొదట ఎప్పుడు గమనించారు?’ అన్న ప్రశ్నకు చాలాచోట్ల ఆలస్యంగానే జవాబు వచ్చేది. మూడున్నరేళ్ళు, నాలుగేళ్ళు అని. రెండేళ్ళకే తెలియాల్సింది ఇంత ఆలస్యం ఎందుకని మా కోఆర్డినేటర్ అమ్మాయిని అడిగాను. ఆమె ఆస్పత్రిలో రోజూ పేషెంట్ల పక్కనే కూర్చునే మనిషి. “చాలామంది పిల్లల్ని పెంచేది అమ్మమ్మలూ నాయనమ్మలూ. అమ్మానాన్నలు వేరే ఊళ్ళో పనిలో ఉంటారు. ముసలమ్మలు ‘గుయ్‌రెన్ యూ ఛి’ అంటారు” అంది. గొప్పవాళ్ళకు మాటలు ఆలస్యంగా వస్తాయి అని సామెత. నాకు నవ్వు రాలేదు. ‘మగపిల్లలకు మాటలు లేటేలే, వాళ్ళ నాన్నకీ అయిదేళ్ళకే వచ్చాయి’ అన్న మాట మా వీధిలో ఎన్నిసార్లు విన్నానో. చైనాలో ఆటిజం కేసులను మొదటిసారి రిపోర్టు చేసింది నాన్‌జింగ్‌లో తావ్ గువొథాయ్ అనే డాక్టరు, 1982లో, నలుగురు పిల్లల గురించి. అంతకు ముందు అలాంటి పిల్లలు లేరా? ఉన్నారు. సామెత చాటున ఉన్నారు.

ఇక అసలు నేను చెప్పాలనుకున్నది ఫిట్స్ అధ్యయనం గురించి. అది కొత్త మందు ప్రయోగం కాదు. ఫిట్స్ ఉన్నవాళ్ళు ఏ మందు మొదలుపెట్టారు, ఎలా ఉన్నారు అని రెండేళ్ళు గమనించే పని. పేషెంట్లకు డైరీ కార్డు ఇస్తారు. వాళ్ళు ఇంటి దగ్గర అనిపించింది అనిపించినట్టు రాస్తారు. దాన్ని ఆస్పత్రిలో ఇంగ్లీషులోకి మార్చి సిస్టమ్‌లో ఎక్కిస్తారు. తర్వాత ఇంకో దేశంలో కూర్చున్నవాళ్ళు ఆ ఇంగ్లీషు మాటకు మెడ్‌డ్రా అనే వైద్య నిఘంటువులో సరిపోయే పదం వెతికి కోడ్ చేస్తారు. అంటే పేషెంటు మాట మూడు చేతులు మారి నా దగ్గరికి వస్తుంది.

ఒకరోజు 017 నంబరు వరసలో ‘ఇంటర్నల్ హీట్’ అని కనిపించింది. దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చిన పేషెంటు. కోడ్ ఏమో ‘ఫీలింగ్ హాట్’. తీవ్రత: స్వల్పం. నా పక్కనున్న ఎవరైనా దాన్ని దాటేసి వెళ్ళేవాళ్ళే. నేను దాటలేకపోయాను. ఎందుకంటే మా ఇంట్లో ‘వేడి చేసింది’ అంటే ఉక్కపోసిందని కాదు. నోరు పూస్తే వేడి, కళ్ళు మండితే వేడి, ఒంటి మీద పొక్కులు లేస్తే వేడి. ఆయన రాసిన అసలు మాట ఏమిటో పంపమని క్వెరీ పెట్టాను.

పేరు దగ్గర నల్లగా పూసేసి డైరీ కార్డు ఫోటో పెట్టింది కోఆర్డినేటర్. నీలం బాల్‌పెన్ను, వంకర గీతలు. మొదటి రెండు అక్షరాలు నాకు వచ్చినవే. ఒకటి ‘పైకి’, రెండోది ‘నిప్పు’. షాంగ్‌హ్వొ. అచ్చంగా మన వేడి చేయడమే. వాళ్ళూ దానికి మూలికల కషాయం తాగుతారు. పేరు చల్ల టీ, తాగేది మాత్రం గోరువెచ్చగా. ఆ కింద ఇంకో పంక్తి ఉంది, ఇంగ్లీషులోకి రానిది: నోట్లో పుండ్లు, కళ్ళు మంట, చల్ల టీ తాగుతున్నాను. మందు మొదలుపెట్టిన 13వ రోజు. మందు కార్బమజపిన్.

జవాబు కింద ఆమె ఇంకో మాట రాసింది. పేషెంటు 17వ రోజున ఆస్పత్రిలో చేరాడు, చర్మం కాలినట్టు ఊడుతోంది అని. స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్. మందు పడక వచ్చే ప్రమాదకరమైన జబ్బు. నోట్లో పుండ్లు, కళ్ళ మంట దానికి తొలి గుర్తులు. సిస్టమ్‌లోకి ఆ వరస ఎక్కేసరికే ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు. నేను చూసినా చూడకపోయినా ఆయనకు జరిగింది మారేది కాదు. ఆ సంగతి తెలిసి కూడా ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆయన బతికాడు. కళ్ళు మాత్రం ఆరిపోయి, రోజూ చుక్కలు వేసుకోవాల్సి వస్తోందని తర్వాతి విజిట్‌లో రాశారు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఏమిటంటే, ఈ ప్రమాదం ముందే తెలుసుకునే దారిని కనిపెట్టింది చైనా జాతి పేషెంట్ల మీద చేసిన పరిశోధనే. 2004లో తైవాన్‌లో హాన్ చైనీయులను పరీక్షించారు. ఈ మందుతో చర్మం ఊడిపోయిన 44 మందిలో 44 మందికీ హెచ్.ఎల్.ఎ.-బి 15:02 అనే జన్యు రకం ఉంది. మందు సరిపడిన 101 మందిలో ముగ్గురికే ఉంది. 2007 డిసెంబర్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్.డి.ఎ.), ఆసియా మూలాలున్నవాళ్ళకు ఈ పరీక్ష చేశాకే మందు మొదలుపెట్టమని హెచ్చరించింది. తర్వాత తైవాన్‌లోనే 23 ఆస్పత్రుల్లో 4,877 మందికి ముందుగా పరీక్ష చేసి, ఆ జన్యువు ఉన్న 7.7 శాతం మందికి ఈ మందు వద్దన్నారు. లేనివాళ్ళలో ఒక్కరికి కూడా ఆ జబ్బు రాలేదు. అది 2011లో అచ్చయింది. 017 మందు మొదలుపెట్టింది చిన్న ఊళ్ళో. అక్కడ ఆ పరీక్ష జరగలేదు.

మందు చెడ్డదని మాత్రం ఎవరూ అనుకోవద్దు. కూర్చున్న పిల్లాడు గబుక్కున లేచి పరుగెత్తబోతే చెయ్యీ కాలూ మెలితిరిగిపోయే జబ్బు ఒకటుంది. కొన్ని సెకన్లే ఉంటుంది. చాలామందిని నటిస్తున్నావని తిడతారు. దానికి పి.ఆర్.ఆర్.టి.2 అనే జన్యువు కారణమని 2011లో చైనా కుటుంబాల్లో పట్టుకున్నారు. ఆ పిల్లలకు ఇదే కార్బమజపిన్ చిన్న డోసులో అద్భుతంగా పనిచేస్తుంది. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో తెలియాలి. అంతే.

ఆ తర్వాత నేనూ ఆ అమ్మాయీ కూర్చుని ఒక పట్టిక రాశాం. పేషెంట్లు వాళ్ళ భాషలో వాడే మాటలు. తల బరువు, కాళ్ళు తేలిక అంటే ఏమిటి, తల తిరగడానికీ కళ్ళు తిరగడానికీ తేడా ఎలా అడగాలి, అలాంటివి. షాంగ్‌హ్వొ అని ఎక్కడ కనిపించినా నాలుగు ప్రశ్నలు వెళ్ళాలి: నోట్లో పుండ్లున్నాయా, కళ్ళు ఎర్రబడ్డాయా, ఒంటి మీద మచ్చలున్నాయా, జ్వరం ఉందా. ఇది మా పని కాదని పైవాళ్ళు ఒకరు అన్నారు. మూడు మీటింగులు పట్టింది ఒప్పించడానికి.

ఆ పట్టిక తయారైన కొన్నాళ్ళకు ఒక ఆదివారం నరసరావుపేట నుంచి అక్క వీడియో కాల్ చేసింది. చిన్నోడు స్క్రీన్‌లోకి రాలేదు.

“వాడేడక్కా?”

“పడుకున్నాడ్రా. నోరంతా పూసింది, అన్నం తినట్లేదు. ఎండలకి వేడి చేసింది. సబ్జా నీళ్ళు తాగిస్తున్నా.”

వాడికి నెల కిందట ఫిట్స్ వచ్చాయని నాకు తెలుసు. ఏం మాత్ర వాడుతున్నారో ఎప్పుడూ అడగలేదు. మాత్రల స్ట్రిప్ తెమ్మన్నాను. కళ్ళజోడు వెతుక్కుని, వెలుతురు దగ్గరకెళ్ళి ఒక్కో అక్షరం చదివింది. సి, ఏ, ఆర్, బి. ఇంక చదవక్కర్లేదన్నాను.

“ఎన్నాళ్ళయింది మొదలుపెట్టి?”

“రెండు వారాలు దాటింది. ఏం, మానేయమంటావా?”

“నీ అంతట నువ్వు మానేయకు, ఫిట్స్ తిరగబెడతాయి. ఇప్పుడే డాక్టరుకు ఫోన్ చెయ్. వేడి అని చెప్పకు. కొత్త మాత్ర మొదలుపెట్టాక నోట్లో పుండ్లు వచ్చాయని చెప్పు. కళ్ళు, ఒళ్ళు చూశావా?”

“నువ్వు అట్టా అడుగుతుంటే నాకు కాళ్ళు వణుకుతున్నాయిరా.”

రాత్రికి గుంటూరు తీసుకెళ్ళారు. డాక్టరు నోరు, కళ్ళు, వీపు అన్నీ చూసి, ఆ జన్యు పరీక్షకు రక్తం తీయించి, మాత్ర మార్చి రాశారు. మన దేశంలో 2009లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలోనూ ఈ మందుతో చర్మం దెబ్బతిన్న 8 మందిలో 6 గురికి అదే జన్యు రకం కనిపించిందని నాకు తెలుసు. అందుకే ఆ రిపోర్టు వచ్చేదాకా నాకు ఆఫీసులో అంకెలు అంకెల్లా కనిపించలేదు. రెండు వారాలకు వచ్చింది. నెగటివ్. మామూలు నోటిపూతే, అప్పటికే తగ్గిపోయింది కూడా.

“అనవసరంగా ఎంత టెన్షన్ పెట్టావురా” అని అక్క తిట్టింది. తిట్టనిచ్చాను. చిన్నోడు వెనక నుంచి ఆవకాయ అన్నం కలిపిన వేళ్ళు కెమెరాకి చూపిస్తున్నాడు.