షెడ్యూల్‌లో ముందు తవ్వకం, తర్వాతే పునాది

రైలు మార్గం, హైవే లాంటి ప్రాజెక్టుల్లో పురావస్తు తవ్వకం వల్ల పని ఆగిందంటే, తప్పు చాలాసార్లు తవ్వేవాళ్లది కాదు, షెడ్యూల్ వేసినవాళ్లది. ట్రయల్ ట్రెంచ్‌లు, అంటే నేల కింద ఏముందో చూసే పరీక్ష కందకాలు, డిజైన్ ఖరారు కాకముందే వేయాలి. ఒక్కోటి సుమారు 30 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పుతో మొత్తం స్థలంలో 2 నుంచి 5 శాతం తెరవడం మామూలు. విడివిడిగా ఉన్న సమాధులు, గుంజలు పాతిన గుంతలు ఈ కందకాల మధ్య కనబడకుండా తప్పించుకుంటాయి. అందుకే అదనపు గడువు, డబ్బు కాంట్రాక్టులో ముందే రాయించుకోవాలి.

పైమట్టి తీసే ఎక్స్‌కవేటర్‌కు పళ్లు లేని బకెట్టే బిగించాలి. పళ్లు గీరిన నేలలో పాత గుంతల ఆనవాళ్లు చూపే మట్టి రంగు తేడాలు కనబడవు. యంత్రం వెనక్కి జరుగుతూ పలచటి పొరలుగా తీయాలి. పక్కన నిలబడ్డ పురావస్తు నిపుణుడు చెయ్యెత్తగానే ఆగాలి. తెరిచిన నేల మీద టిప్పర్ తిరిగిందా, ఇక అంతే.

తడి నేలలో దొరికిన చెక్క ఎండితే ముడుచుకుని పగులుతుంది. నీళ్ల తొట్టెలు సిద్ధంగా ఉంచాలి (ఈ ఖర్చు ఏ బడ్జెట్‌లోనూ కనిపించదు!). దొరికిన వస్తువులు కడగడం, నమోదు, నివేదిక, భద్రపరచడం తవ్వకం కంటే ఎక్కువ కాలం పట్టొచ్చు.

తవ్వకం ముగిసిన స్థలాన్ని నిర్మాణం వాళ్లకు అప్పగించడం విడతలుగా, సంతకం చేసిన పటంతోనే జరగాలి. నోటిమాటగా అప్పగిస్తే మర్నాడు పొద్దున్నే ఇంకా తవ్వకం ముగియని పక్క భాగంలో పైలింగ్ రిగ్ (పునాది స్తంభాలు దించే యంత్రం) దిగుతుంది.